ఆడవాళ్ళ సందు

బాయాకి అడుగులు లెక్కపెట్టే పిచ్చి ఉందని యెల్వాన్ అనే ఆ ఎడారి ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు. ఇంటి నుంచి రొట్టెల బట్టీకి ఎన్ని అడుగులు, బట్టీ నుంచి ఖర్జూరపు తోటలకి ఎన్ని, మసీదు మెట్లెన్ని, అన్నీ ఆవిడ నాలిక చివరే ఉంటాయి. నూరడుగులకోసారి చేతిలోని ఉన్ని తాడుకి ఒక ముడి వేస్తుంది. ఈ అలవాటు మగ్గం దగ్గర పట్టుకుంది. వరసల లెక్క తప్పితే తివాచీలో పువ్వు వంకర పోతుంది కదా, అందుకని వాళ్ళమ్మ ఏడేళ్ళప్పుడే చేతికి తాడిచ్చి పది వరసలకో ముడి వెయ్యమని నేర్పింది. మగ్గం దిగాక కూడా ఆ వేళ్ళు ఊరుకోలేదు.

ఆ తాడే ఊళ్ళో ఇళ్ళు కట్టే నియమాలు మార్పించింది. చివరికి ఆ మార్పే ఆవిడ మెడకి చుట్టుకుంది.

పుట్టింది పాతూళ్ళో. గుట్ట నెత్తిన మసీదు, దాని చుట్టూ కిందికి వరసలు వరసలుగా ఇళ్ళు. ఒకరి గోడ నీడ ఇంకొకరి వాకిట పడకూడదు, ఒకరి తలుపు ఇంకొకరి తలుపుకి ఎదురు పడకూడదు. ఇలాంటివి కాగితం మీద లేకపోయినా అందరికీ తెలుసు. బట్టీ, బావి, మంత్రసాని ఇల్లు, నూనె గానుగ, అన్నీ మూడు ముడుల లోపే. సందుల్లో ఎప్పుడూ నీడే. ఆడవాళ్ళు తెల్ల దుప్పటి నిండా కప్పుకుని, ఒక్క కన్ను మాత్రం బయటపెట్టి, ఎవరి తోడూ అడక్కుండా అన్ని పనులూ చక్కబెట్టుకునేవాళ్ళు.

పెళ్ళయిన మూడో ఏడు ప్రభుత్వం పై మెరక మీద కొత్త కాలనీ వేసింది. కుర్ర సంసారాలన్నీ అక్కడికి ఎగబడ్డాయి. బాయా మొగుడు దావూద్ కూడా స్థలం రాయించుకున్నాడు. రాయించుకుని, అక్కడి మగాళ్ళందరిలాగే ఉత్తరాది పట్నంలో కొట్టు నడుపుకోడానికి వెళ్ళిపోయాడు. ఏడాదికి పది నెలలు అక్కడే ఉండేవాడు. కాలనీకి మిగిలింది ఆడవాళ్ళూ పిల్లలూ. రోడ్లు మాత్రం రెండు లారీలు పక్కపక్కన పోయేంత వెడల్పు. ఇళ్ళుండాల్సిన చోట ఇళ్ళే ఉండాలన్నది రూలు. కొట్టు పెట్టకూడదు, బట్టీ పెట్టకూడదు, బడి కూడదు, మగ్గాల షెడ్డు అసలే కూడదు. ఉప్పు అయిపోయినా ఎండలో పదిహేను ముడులు నడవాలి. కారు నడపడం వచ్చిన ఆడది ఆ కాలనీలో ఒక్కర్తీ లేదు. ఏ మహానుభావుడు గీశాడో ఆ పటం, వాడు ఎండలో చంకన పిల్లాడితో నూరడుగులైనా నడిచి ఉండడు.

ఆగస్టు నెలలో బాయా రెండో బిడ్డ యూనిస్‌కి జ్వరం వచ్చింది. పద్నాలుగు నెలల పిల్లాడు. పొద్దున్న తొమ్మిదింటికే ఒళ్ళు కాలిపోతోంది. ఇరుగుపొరుగులో మగతోడు లేదు, బండి లేదు. దుప్పట్లో చుట్టి భుజాన వేసుకుని ఆస్పత్రికి బయల్దేరింది. ఏం తోచక, ఏడుపు ఆపుకోవడానికి, అలవాటు కొద్దీ అడుగులు లెక్కపెట్టింది. పందొమ్మిదో ముడి వేస్తున్నప్పుడు పిల్లాడి చెయ్యి భుజం మీంచి జారిపోయింది. ఆస్పత్రి ఇంకా ఏడు ముడుల దూరంలో ఉంది.

ఆ తాడుని ఆవిడ పారెయ్యలేదు.

దావూద్ చనిపోయాక, కూతురు సాఫియా పెళ్ళి కూడా చేశాక, బాయా ఊరి మీద పడింది. పన్నెండేళ్ళు అదే పని. కాలనీలో ఇంటింటికీ తిరిగి ఏ ఇంటికి బట్టీ ఎన్ని ముడులో, బడి ఎన్ని ముడులో కొలిచింది. ఆ తాళ్ళన్నీ గంపకెత్తుకుని పురపాలక సభకి వెళ్ళి, బల్ల మీద గుమ్మరించింది. సభ పెద్ద బకీర్, దావూద్‌కి పినతండ్రి కొడుకు. పకపకా నవ్వాడు.

"ఏంటి వదినా, మగ్గం ఇక్కడికే తెచ్చేశావా? తివాచీ నేస్తావా ఏంటి మాకు?"

బాయా గంప అడుగు నుంచి పాత తాడు ఒకటి తీసి ఆయన ముందు పెట్టింది. దానికి పందొమ్మిది ముడులున్నాయి.

"వీడు నా కొడుకు యూనిస్. ఆస్పత్రి ఇంకో ఏడు ముడులుంది."

ఆ తరవాత ఆ గదిలో ఎవరూ నవ్వలేదు. బకీర్ చెడ్డవాడేం కాదు, తలొంచుకుని చాలాసేపు ఆ తాడునే చూశాడు. ఇల్హామ్ అని, ఊరి పిల్లే, రాజధానిలో పట్టణాల ప్లాన్లు గీసే చదువు చదివొచ్చింది. కొత్త నియమాలు రాసే పని ఆ పిల్లకప్పగించారు. రెండేళ్ళు బాయా వెంట కాళ్ళరిగేలా తిరిగి రాసింది. ఇంటి కింద కొట్టు పెట్టుకోవచ్చు. సందు ఇరుగ్గా, నీడగా ఉండాలి. ఏ ఇంటి నుంచైనా బడీ బట్టీ ఐదు ముడులు దాటకూడదు. ముడి అని కాదులెండి, మీటర్లని రాసింది, కానీ లెక్క బాయాదే. ఇంకా ఎడారిలోకి పాకడం మానేసి, ముందు ఊళ్ళో ఉన్న ఖాళీ జాగాల్నే వాడుకోవాలి. ఆ చివరి నియమానికి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది బాయాయే.

ఖాళీ జాగాల్లో మొదటిది ఆడవాళ్ళ సందు.

గుట్ట పాదం దగ్గర, పైన కొండ చీలిక నుంచి కింద తోటల దాకా పోతుంది ఆ సందు. ఎనిమిది మూరల వెడల్పు. అటూ ఇటూ ఎత్తయిన గోడలు, ఒక్క తలుపు గానీ కిటికీ గానీ అందులోకి తెరుచుకోదు. మగవాడు కాలు పెట్టడు. తాతముత్తాతల నుంచీ అంతే. ఆడవాళ్ళు ముసుగు వదులు చేసుకుని, గొంతెత్తి నవ్వుకుంటూ తోటలకి పోయేది అక్కడే. గోడలో ఒకచోట మూడు రాళ్ళు మెట్లలా పొడుచుకొచ్చి ఉంటాయి, గంపలు దించుకోడానికని చెప్పుకునేవాళ్ళు. బాయా చిన్నప్పుడు ఆ రాళ్ళ మీద కూచుని కాళ్ళూపుకునేది.

పసిపిల్లల బడికీ, ఆడవాళ్ళ మగ్గాలకీ అంతకంటే మంచి చోటు ఏముంటుంది? మధ్యలో ఒక పక్కకి పొడుగాటి గదులు కట్టారు, నడవడానికి మూడు మూరలు వదిలారు. ఏప్రిల్లో తలుపులు తీశారు. పిల్లలు ముప్పై ఏడుమంది. అందులో సాఫియా కూతురు తిజీరి, నాలుగేళ్ళది. సాఫియా పక్క గదిలోనే మగ్గం మీద. బాయాకి గుమ్మం కాపలా. యూనిస్ పోయిన ముప్పై మూడేళ్ళకి ఆవిడ కడుపు చల్లబడింది.

జూన్లో ఒకనాడు తోటకి వెళ్ళింది. అక్కడ హమ్మూ తాత ఉంటాడు. ఒకప్పుడు ఆయన వరద అమీను. లోయలో నీళ్ళొస్తే ఎవరి తోటకి ఎంతో పంచేదీ, నీళ్ళ దారికి ఎవరూ అడ్డం కట్టకుండా చూసేదీ అమీన్లే. వాళ్ళ మాటకి కాగితం ఉండేది కాదు, తండ్రి కొడుక్కి చెప్పేవాడు, అంతే. ఎగువన ప్రభుత్వం కట్ట వేశాక ఇక అమీన్లెందుకని ఆ పని తీసేశారు. బురుజు మీద తుపాకీ పేల్చి వరదొస్తోందని చెప్పే కాపలా కూడా పోయింది. కొడుకుల్లేని హమ్మూ తోటలోనే గుడిసె వేసుకున్నాడు.

ఆయనకి టీ కాచి ఇచ్చి, మాటల మధ్యలో బాయా బడి ముచ్చట్లు మొదలెట్టింది. పిల్లలు ఎలా పాడతారో, తిజీరి ఎలా అల్లరి చేస్తుందో.

"ఎక్కడన్నావ్ బడి?"

"ఆడవాళ్ళ సందులో తాతా. నీకు తెలీదూ? ఊరంతా మోగిపోయిందిగా!"

ముసలాయన టీ గ్లాసు కింద పెట్టేశాడు. "సందులో కట్టారా? గోడలు లేపారా?"

"ఏం, అలా అడుగుతావ్?"

"నాకెవడు చెప్పాడే? ఆడవాళ్ళు నడిచే చోటికి నేనెందుకొస్తాను? పద. నువ్వు ముందెళ్ళి ఆడవాళ్ళని లోపలికి పొమ్మను. నేను చూడాలి."

ఎనభై దాటిన మనిషి. కర్ర పొడుచుకుంటూ, తల దించుకుని, ఆ సందులోకి అడుగు పెట్టాడు. బడి గదుల దాకా వచ్చి నిలబడిపోయాడు. గోడని అరచేత్తో తడుముతూ అన్నాడు.

"ఇలా చూడు. కింద నీ భుజం దాకా రాయి, సున్నపు గచ్చు. పైనంతా మట్టి. ఎందుకు?"

"ఏమో."

"ఇంత పొడుగు సందులోకి ఒక్క తలుపన్నా ఉందా?"

"ఆడవాళ్ళ సందు కదా తాతా, మగాళ్ళ కళ్ళు పడకుండా..."

"మీ మొహం! ఇళ్ళలోకి నీళ్ళు పోకుండా. ఇది నీళ్ళ దారే పిచ్చిదానా. కొండ మీద వాన పడితే నీళ్ళు దిగేది ఇందులోంచే."

"మరి ఆడవాళ్ళదని..."

"మా పెద్దాళ్ళు పెట్టిన పేరే. యాభయ్యేళ్ళకో అరవయ్యేళ్ళకో వచ్చే నీళ్ళని చెబితే ఏ మగాడు వింటాడు? వరదేదీ, మీ తాతొచ్చి చూశాడా అంటూ రెండు మూరలు ముందుకి జరిగి గది వేసుకుంటాడు. అదే ఆడవాళ్ళు తిరిగే చోటంటే సిగ్గుకి చచ్చి ఒక్క రాయి కూడా వెయ్యడు. అబద్ధమే. కానీ తరతరాలు కాపలా కాసింది."

"నిజం మాకన్నా చెప్పి ఏడవాల్సింది!" బాయా గట్టిగా అరిచింది. ముసలాయన మీద అంత గొంతు ఆవిడ ఎప్పుడూ లేపలేదు. "ఆడవాళ్ళకి చెబితే మీ సొమ్మేం పోయింది?"

"అవును, చెప్పాల్సింది," అన్నాడు హమ్మూ.

వెళ్ళిపోయే ముందు మూడు రాళ్ళ దగ్గర ఆగాడు. "ఇవి గంపలకి కాదు. పైన గుమ్మం ఉండేది. సందులో ఉండగా నీళ్ళొస్తే ఎక్కడానికి. బకీర్ తండ్రి పూడ్చేశాడు, తన పెరట్లోకి ఉందని."

"నీళ్ళొచ్చే ముందు ఎలా తెలుస్తుంది తాతా, తుపాకీ కూడా లేదు కదా?"

"ఆకాశం చూడకు. ఇక్కడ ఎండ కాస్తూనే ఉంటుంది. మనూళ్ళో చినుకు పడకుండా తడిమట్టి వాసనొచ్చిందంటే, నీళ్ళు కొండ చీలిక దాటేసినట్టే. నా కుర్రతనంలో ఆ వాసన తగిలాక నేను తోట గట్టు నుంచి పెద్ద బావి దాకా నడిచాను, అంతలోకే నీళ్ళొచ్చేశాయి."

బాయా ఆ సాయంత్రమే గట్టు నుంచి బావి దాకా నడిచింది. ఐదు ముడులు. మర్నాడు తిజీరి చెయ్యి పట్టుకుని, ఆ పిల్ల అడుగులతో, బడి గుమ్మం నుంచి సందు దిగువన గట్టెక్కే మెట్ల దాకా కొలిచింది. ఎనిమిది ముడులు దాటింది. ఎగువ వైపు వెళ్ళే మాటే లేదు, నీళ్ళొచ్చేది అటు నుంచే. ఆ తాడుని మూడుసార్లు తడిమి చూసుకుంది. ఎన్నిసార్లు తడిమినా ఎనిమిది ఐదు కాదు.

సభకి వెళ్ళింది. ఈసారి బకీర్ నవ్వలేదు, విసుక్కున్నాడు.

"వదినా, పన్నెండేళ్ళు నా ప్రాణం తోడేశావు, బడి కావాలని. కట్టాం. ఇప్పుడు తియ్యమంటావా? ఊరు మొహాన ఉమ్మేస్తుంది. ఎగువన కట్ట ఉంది."

"కట్టలో సగం ఇసకేనట."

"ఎవరన్నారు, ఆ హమ్మూనా? ఆయనకి నిన్న తిన్నది ఇవాళ గుర్తుండదు."

"పోనీ బడి తియ్యద్దు. మీ పెరటి గోడలో పాత గుమ్మం ఒకటుంది. అది తెరిపించు బాబూ. నీ కాళ్ళు పట్టుకుంటాను."

బకీర్ మొహం గంటు పెట్టుకున్నాడు. "నా ఆడవాళ్ళు తల మీద గుడ్డ లేకుండా తిరిగే వాకిట్లోకి, దారినపోయే సందులోంచి తలుపా? నువ్వేనా ఈ మాట అంటున్నది? ఈ ఊరి పిల్లవేనా?"

అక్కడితో ఆగలేదు. వారం తిరక్కుండా సందు వైపు నుంచి ఆ పూడ్చిన గుమ్మం మీద కొత్తగా గచ్చు కూడా కొట్టించాడు, మళ్ళీ ఎవరూ దాని ఊసెత్తకుండా.

ఇల్హామ్ కనీసం కళ్ళలోకి చూసింది. "పటంలో ఖాళీ అని రాసింది నేనే పిన్నీ. అరవై రోజులు సభ గోడకి అంటించాం. ఎవరూ కాదనలేదు. నాకూ చిన్నప్పటి నుంచీ అది ఆడవాళ్ళ సందే. తిరగరాయాలంటే పైనుంచి అనుమతి రావాలి, రాశాను, ఎప్పుడొస్తుందో తెలీదు."

"వాన నీ అనుమతి కోసం ఆగుతుందా తల్లీ?"

బాయా తల్లుల దగ్గరికి పోయింది. పదకొండుమంది పిల్లల్ని మానిపించారు. జూలై ఎండలు ముదిరాయి. పిల్లల్ని వెంటేసుకుని ఇరవై ముడుల అవతలి పాత బడికి ఎవరు నడుస్తారు? ఒక్కొక్కరే వెనక్కి తెచ్చి దింపారు. ఆ ఎండలో పిల్లల్ని నడిపిస్తే ఏమవుతుందో అందరికీ చెప్పింది బాయాయే మరి. ఆవిడ మాటలే ఆవిడకి అప్పజెప్పారు. సాఫియా అయితే మగ్గం మీంచి లేవను కూడా లేదు.

"అమ్మా, నీకు యూనిస్ పోయిన దగ్గర్నించీ ఏదో ఒకటి కావాలి భయపడ్డానికి. నా కూతురు నా పక్క గదిలో ఉంది. నీ తాడుతో నన్ను చంపకు."

ఆ మాట బాయాకి కత్తిలా దిగింది. ఆ రోజంతా మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

మిగిలింది ఒక్కటే. ముప్పై ఏడు ముడులతో పొడుగాటి తాడు పేనింది, ముడికో పిల్ల పట్టుకునేలా. దానికి చీమల ఆట అని పేరు పెట్టింది. రోజూ పదింటికి "చీమలొచ్చాయ్!" అని అరిచేది. పిల్లలు పరిగెత్తుకొచ్చి తలా ఒక ముడి పట్టుకుని వరసగా మెట్ల దాకా నడిచేవాళ్ళు. నెల తిరిగేసరికి గదుల్లోంచి బయటపడడం మూడు ముడులు నడిచేంత సేపు నుంచి రెండుకి దిగింది. ఎనిమిది మాత్రం ఏడుకి దిగి, ఇక దిగనని మొండికేసింది. చిన్న కాళ్ళు, వాటికీ ఒక హద్దుంటుంది. ఇంతలో పిల్లలు ఇంటికెళ్ళి నీళ్ళొస్తాయని నిద్రలో ఉలిక్కిపడుతున్నారని తల్లులు మొరపెట్టుకున్నారు. సెప్టెంబరులో సభ వాళ్ళు బాయాని గుమ్మం పని నుంచి తీసేశారు. అదే వారం హమ్మూ తాత పోయాడు. శవం వెంట నడిచింది తొమ్మిదిమంది.

పని పోయినా బాయా మాత్రం రావడం మానలేదు. బడికి ఎదురుగా, మూడు రాళ్ళ పక్కన గోడకానుకుని, కదురు తిప్పుకుంటూ కూచునేది. సందు అందరిదీ, పొమ్మనే హక్కు ఎవరికుంది? ఆడవాళ్ళు ఆవిడ పక్కనుంచి పోతూ గొంతు తగ్గించేవాళ్ళు. కొందరు దిష్టి తగులుతుందని పిల్లల మొహాలు కప్పేవాళ్ళు.

ఒక మధ్యాహ్నం బకీర్ పెళ్ళాం వర్దా వచ్చి పక్కన చతికిలబడింది. నోట్లో నాలిక లేని మనిషని పేరు. అటూ ఇటూ చూసి, "అక్కా, నీ దగ్గర మందపాటి తివాచీ ఏదన్నా ఉందా?" అంది.

"ఎందుకు, చలికాలం ఇంకా రాలేదుగా?"

"గోడకి. తలుపంత ఉంటే చాలు."

"మొన్నే ఒకటి దింపాను. రంగు నచ్చుతుందో లేదో."

"రంగు ఏదైతేనేం." లేచి దుప్పటి సర్దుకుంటూ ఆగింది. "ఎన్ని ముడులని చెప్పావ్, వాసనొచ్చాక?"

"ఐదు."

వర్దా తల ఊపి వెళ్ళిపోయింది. బాయా ఆ మాటని అంతగా పట్టించుకోలేదు. ఆ మధ్య అందరూ అలా అడిగి, ఇంటికెళ్ళి నవ్వుకునేవాళ్ళే.

అక్టోబరు పదిహేను దాటింది. మంగళవారం పొద్దున్న, ఇంకా పదవ్వలేదు. ఆకాశం కడిగినట్టుంది, ఒక్క మబ్బు తునక లేదు. లోపల పిల్లలు ఏదో పాట పాడుతున్నారు. బాయా కదురు తిప్పుతూ తిప్పుతూ ఆపేసింది.

తడిమట్టి వాసన.

మొదట తన ముక్కునే నమ్మలేదు. ఎవరన్నా వాకిలి చల్లారేమోననుకుంది. మళ్ళీ గాలి వీచింది, ఎగువ నుంచి, చల్లగా. ఈసారి వాసన గొంతులోకి దిగింది. లేచి గుమ్మం తోసి అరిచింది.

"చీమలొచ్చాయ్!"

పంతులమ్మ అడ్డం వచ్చింది. "బాయా అత్తా, నిన్ను రావద్దన్నారు కదా, నా ఉద్యోగం..." మాట పూర్తయ్యేలోపే పిల్లలు గోడకి వేలాడుతున్న తాడు దగ్గరికి పరిగెత్తారు. నెల దాటి ఆట లేక మొహం వాచిపోయి ఉన్నారు పాపం. తిజీరి మొదటి ముడి పట్టుకుంది. మగ్గాల గదిలోంచి ఆడవాళ్ళు బయటికొచ్చారు. సాఫియా నోరు తెరవబోయి, గాలి పీల్చింది. వాసన ఆమెకీ తెలిసింది.

అందరూ సందులోకి వచ్చేసరికి రెండు ముడులు. ఇంకా మిగిలినవి మూడే. మెట్ల దాకా ఏడు.

బాయా దిగువకి చూడలేదు. కదురు అడుగున బరువుకి ఉండే రాయి తీసుకుని, మూడు రాళ్ళెక్కి, బకీర్ కొట్టించిన కొత్త గచ్చు మీద బలం కొద్దీ బాదింది. గచ్చు పెచ్చు లేచింది. కింద ఇటుక. వేళ్ళ నుంచి రక్తం కారింది. మళ్ళీ బాదింది. ఎక్కడో ఎగువన, మిల్లు తిరుగుతున్నట్టు, సన్నగా చప్పుడు మొదలైంది. పిల్లల్లో ఎవరో ఏడుపు లంకించుకున్నారు.

అప్పుడు గోడ అటు నుంచి పలికింది. దబ్, దబ్ అని రెండు దెబ్బలు. ఒక ఇటుక దానంతటదే లోపలికి పోయింది. ఆ కన్నంలోంచి గోరింటాకు పెట్టిన చెయ్యి ఒకటి బయటికొచ్చింది.

"ఎన్నో ముడి అక్కా?"

"మూడు! మూడో ముడి!"

"పక్కకి తప్పుకో."

వర్దా నెల రోజులుగా, మొగుడు బయటికెళ్ళగానే, తివాచీ పక్కకి తప్పించి ఇటుకల మధ్య సున్నం గీకుతోంది. సందు వైపు గచ్చొక్కటే గోడని నిలబెట్టింది. రెండు తోపులకి వరస వరసంతా కూలింది. పైన వర్దా, ఆమె ఇద్దరు కోడళ్ళు, తల మీద గుడ్డల్లేకుండా, దుమ్ము కొట్టుకుపోయిన మొహాలతో. కింద సాఫియా, మగ్గాల ఆడవాళ్ళు. పిల్లల్ని ఒక్కొక్కర్నే రాళ్ళ మీదికెత్తి అందించారు. బాయా పైకి లెక్కపెట్టింది, అరుస్తూ, ఒకటి, రెండు, మూడు. ఇరవై ఆరు అన్నప్పుడు గోధుమ రంగు నీళ్ళు పుల్లలు మోసుకుంటూ పాదాల కిందికి పాకాయి. ముప్పై నాలుగన్నప్పుడు మోకాళ్ళకి తగిలాయి. ముప్పై ఏడూ అయ్యాక ఆడవాళ్ళు. చివర్న బాయాని జుట్టూ దుప్పటీ కలిపి పట్టుకుని లాగారు.

నీళ్ళు గోడంత చప్పుడుతో వచ్చాయి. గుమ్మం అంచుకి మూరెడు కిందనుంచి పోయాయి. బడి గదులు మొదట పక్కకి ఒరిగాయి, తరవాత లేవు. మగ్గాలు బొంగరాల్లా తిరుగుతూ తోటల వైపు కొట్టుకుపోయాయి. వాకిట్లో పిల్లలందరూ ఇంకా ముడులు పట్టుకునే నిలబడి ఉన్నారు, వదలమని ఎవరూ చెప్పలేదు కదా. సాఫియా తల్లి కాళ్ళ దగ్గర కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. బాయా కళ్ళు మాత్రం తడవలేదు. పాత తాడు తీసి, పందొమ్మిదో ముడిని వేళ్ళతో పట్టుకుని కూచుంది.

బకీర్ పరిగెత్తుకుంటూ వచ్చి, కూలిన గోడనీ, తల మీద గుడ్డ లేని తన ఆడవాళ్ళనీ, వాకిలి నిండా పరాయి పిల్లల్నీ చూశాడు. వచ్చినవాడు వచ్చినట్టే వెనక్కి తిరిగి వీధిలో నిలబడ్డాడు, ఇంకే మగాడూ లోపలికి రాకుండా. ఆ గుమ్మాన్ని మళ్ళీ పూడ్చలేదు.

నెల తరవాత ఇల్హామ్ పటం పట్టుకుని బాయా ఇంటికొచ్చింది. సందుకి ఏం పేరు రాయాలని అడిగింది.

"నీళ్ళ దారని రాయి. ఎందుకో కూడా రాయి, పిల్లలకి అర్థమయ్యేలా. ఖాళీ అని మాత్రం ఇంకెప్పుడూ రాయకు."

ఇల్హామ్ రాసింది. రాశాక పటం తిప్పి, గుట్టకి అవతలి పక్క వేలు పెట్టింది. "ఇదీ ఖాళీ అనే ఉంది పిన్నీ. శ్మశానం వెనకాల, మసీదంత జాగా. ఇంకోటి ఇక్కడ, బట్టీ పక్కన. ఆ రెండిటి వైపూ ఏ ఇంటి తలుపూ తెరుచుకోదు. ఇళ్ళు కట్టడానికి వచ్చే నెల కొలతలు మొదలెడతారు. ఇవెందుకు ఖాళీగా ఉన్నాయి?"

బాయా పటం మీదికి వంగింది. శ్మశానం వెనక దయ్యాలుంటాయని చిన్నప్పుడు అమ్మ చెప్పింది. బట్టీ పక్కన మేకలు చస్తాయని చెప్పింది. అంతకు మించి ఆవిడకేమీ తెలీదు.

తెలిసిన హమ్మూ తాత మట్టిలో ఉన్నాడు. ఆ ఊరి ఆచారం ప్రకారం ఆయన సమాధి మీద పేరు కూడా లేదు.